స్త్రీలకు గురుపట్టం: వాటికన్ పత్రాల సెట్టును ఎలా చదవాలి, ఎక్కడ చాలదు

స్త్రీలకు గురుపట్టం, అంటే పూజ చేసే గురువుగా నియమించే పట్టం, ఎందుకు ఇవ్వరని అడిగితే కతోలిక శ్రీసభ (చర్చి) అధికారికంగా చూపించేది ఒక పుస్తకం కాదు. దాదాపు యాభై ఏళ్లలో విడివిడిగా వచ్చిన కొన్ని పత్రాలు. వాటిలో ముఖ్యమైనవన్నీ వాటికన్ ఉచితంగానే అందుబాటులో పెట్టింది, చాలావరకు చిన్నవే. చర్చా బృందాల్లో, మఠాల్లో, గురువిద్యాలయాల్లో ఈ అంశం వచ్చినప్పుడల్లా వీటిలో ఒకటో రెండో ప్రింటు తీసి పంచుతుంటారు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. కారణాలు ఒక పత్రంలో ఉన్నాయి, తీర్పు ఇంకోదాంట్లో ఉంది, ఆ తీర్పు బరువెంతో మూడోది చెబుతుంది, శిక్ష సంగతి నాలుగోదాంట్లో ఉంది. ఒక్కటి చదివి ఆపేస్తే, అది ఏదైనా సరే, తప్పుడు అభిప్రాయం మిగులుతుంది.

అందుకని వీటిని విడివిడిగా కాకుండా ఒక సెట్టుగా తీసుకుని చూద్దాం. ముందే నా అంచనా చెప్పేస్తాను. శ్రీసభ ఏం చెబుతోందో తెలుసుకోవడానికి ఇది ఐదుకు ఐదు మార్కుల సెట్టు. ఎందుకు అలా చెబుతోందో తెలుసుకోవడానికి మూడు. ఒప్పుకోనివాళ్ల వాదన ఏమిటో తెలుసుకోవడానికి ఒకటి, అది కూడా కష్టం మీద. ఇంత పెద్ద ప్రశ్నకు, ఎన్నో జీవితాలను తాకే ప్రశ్నకు, మూడో విషయంలో ఇంత లోటు ఉండకూడదు.

ఏ వరసలో చదవాలి

తేదీల వరసలో చదివితే 1976 ప్రకటనతో మొదలుపెట్టాలి. అలా చేయవద్దు. అది పొడుగైనది, వాదనలు ఎక్కువ. తీర్పు ఏమిటో తెలియకుండా వాదనలోకి దిగితే దారి తప్పుతారు. ముందు శ్రీసభ చట్టంలో 1024వ సూత్రం చూడండి. ఒకే ఒక్క వాక్యం: జ్ఞానస్నానం పొందిన పురుషుడు మాత్రమే పవిత్ర పట్టాన్ని చెల్లుబాటుగా పొందగలడు. 1983 చట్టంలోది ఇది. 1917 నాటి పాత చట్టంలో 968వ సూత్రం కూడా ఇదే మాట చెప్పింది. ఇందులో 'చెల్లుబాటుగా' అన్నది గమనించాలి. స్త్రీకి పట్టం ఇస్తే అది తప్పు పని అని మాత్రమే కాదు, అక్కడ పట్టాభిషేకమే జరగలేదని దీని అర్థం. ఇచ్చినది నిజమైన బిషప్పే అయినా, ప్రార్థనలు ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివినా, చేతులుంచి అభిషేకించినా సరే. పెళ్లయినవారికి గురుపట్టం ఇవ్వాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. అది క్రమశిక్షణకు సంబంధించినది. తూర్పు కతోలిక సభల్లో పెళ్లయిన గురువులు ఇప్పటికీ ఉన్నారు. బ్రహ్మచర్యం నియమం మార్చినట్టే దీన్నీ మార్చవచ్చు కదా అనేవాళ్లకు శ్రీసభ ఇచ్చే జవాబు ఈ తేడాలోనే ఉంది.

రెండోది, పోప్ రెండో జాన్‌పాల్ 1994 మే 22న బిషప్పులకు రాసిన లేఖ, 'ఓర్దినాత్సియో సచెర్దొతాలిస్'. నాలుగే ఖండికలు. పది నిమిషాల్లో అయిపోతుంది. మొదటి ఖండికలో అంతకుముందటి పోప్ ఆరో పౌలు 1975 నవంబరు 30న ఆంగ్లికన్ సభ పెద్ద అయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ డోనాల్డ్ కోగన్‌కు రాసిన లేఖను ఉటంకిస్తుంది. అందులో మూడు కారణాలు: క్రీస్తు అపొస్తలులుగా పురుషులనే ఎన్నుకున్నాడు, శ్రీసభ ఆచారంలో ఎప్పుడూ అదే నడిచింది, బోధనాధికారం (పోపుకూ బిషప్పులకూ ఉన్న బోధించే అధికారం) కూడా ఎప్పుడూ అదే పట్టుకుంది. మూడో ఖండికలో మరియతల్లి ప్రస్తావన ఉంది. దేవుని తల్లి, శ్రీసభ తల్లి అయిన ఆమెకే అపొస్తలుల పని గానీ గురుపట్టం గానీ ఇవ్వలేదు కాబట్టి, పట్టం లేకపోవడం స్త్రీ గౌరవాన్ని తగ్గించదని అక్కడి వాదన.

నాలుగో ఖండిక దగ్గర ఆగి నెమ్మదిగా చదవాలి. అది రెండు మెట్లలో నడుస్తుంది. కొన్ని చోట్ల ఈ విషయం ఇంకా చర్చకు తెరిచే ఉందనుకుంటున్నారు, లేదా ఇది కేవలం క్రమశిక్షణ నియమం అనుకుంటున్నారు అని ముందు చెబుతుంది. ఆ రెండు అభిప్రాయాలనూ తోసిపుచ్చుతూ, స్త్రీలకు గురుపట్టం ఇచ్చే అధికారం శ్రీసభకు ఏ విధంగానూ లేదని, ఈ తీర్పును విశ్వాసులందరూ తుది నిర్ణయంగా పట్టుకోవాలని ప్రకటిస్తుంది. స్త్రీలకు అర్హత లేదని ఇక్కడ ఎక్కడా అనలేదు. తనకే అధికారం లేదని శ్రీసభ అంటోంది. స్త్రీల తెలివి గురించో, పరిశుద్ధత గురించో, నాయకత్వం గురించో మాట్లాడే వాదనలేవీ ఈ వాక్యాన్ని తాకవు. దాన్ని సమర్థించే వాదనలూ తాకవు, వ్యతిరేకించేవీ తాకవు. చర్చా బృందాల్లో సగం సమయం తినేసే పొరపాటు ఇదే: ఒకరు 'స్త్రీలు ఏం తక్కువ?' అని అడుగుతారు, ఇంకొకరు 'తక్కువని కాదు' అని సర్దిచెబుతారు. అసలు ప్రశ్నలోకి ఎవరూ రారు. శ్రీసభకు అధికారం నిజంగా లేదా, లేదని ఎలా తెలుసు అన్నదే అసలు ప్రశ్న.

ఈ లేఖ ఎప్పుడు వచ్చిందో కూడా గుర్తుంచుకోవాలి. ఇంగ్లండ్ సభ (ఆంగ్లికన్ చర్చి) బ్రిస్టల్ కథెడ్రల్‌లో తొలిసారి స్త్రీలకు గురుపట్టం ఇచ్చింది 1994 మార్చి 12న. రెండు నెలలు దాటగానే ఈ లేఖ వచ్చింది.

కారణాలున్న చోటు

ఇప్పుడు 1976 ప్రకటన తీయండి, 'ఇంతెర్ ఇన్సిన్యోరెస్'. బోధను చూసుకునే వాటికన్ విభాగం, విశ్వాస సిద్ధాంత మండలి, 1976 అక్టోబరు 15న సంతకం చేసింది, 1977 జనవరిలో బయటికి వచ్చింది. సంతకం కార్డినల్ ఫ్రాన్యో షేపెర్‌ది, ఆమోదం ఆరో పౌలుది. ఆరు భాగాలు. ఒకే కూర్చోలో చదవాలంటే గంట పెట్టుకోవాలి, అధోజ్ఞాపికలతో కలిపి ఇంకా ఎక్కువ. సెట్టు మొత్తంలో ఎందుకు అన్నదానికి ఓపిగ్గా జవాబు చెప్పే పత్రం ఇదే. అందుకే దీన్ని తీసేసి 1994 లేఖ ఒక్కటే పంచడం అన్యాయం.

మొదటి నాలుగు భాగాలు చరిత్ర మీద నిలబడతాయి. రెండో భాగంలో వాదన గట్టిగా ఉంది: స్త్రీల విషయంలో యేసు తన కాలపు ఆచారాలకు లొంగినవాడు కాదు. సమరయ స్త్రీతో బహిరంగంగా మాట్లాడాడు, రక్తస్రావం ఉన్న స్త్రీ తాకితే అపవిత్రం అనుకోలేదు, పునరుత్థాన వార్తను అపొస్తలులకు చేర్చే పని మొదట స్త్రీలకే అప్పగించాడు. ఆచారాలను అంతగా దాటినవాడు పన్నెండుమందిలో ఒక్క స్త్రీని కూడా పెట్టలేదంటే అది లోకానికి భయపడి కాదు, తెలిసి చేసిన ఎంపిక అని ప్రకటన అంటుంది. నిజాయితీ కూడా ఉంది. సభా పితరుల (తొలి శతాబ్దాల క్రైస్తవ బోధకుల) రాతల్లో స్త్రీల పట్ల చిన్నచూపు ఉందని ఒప్పుకుంటుంది, అయితే అది వాళ్ల సేవా ఆచరణను పెద్దగా మార్చలేదని అంటుంది. మధ్యయుగపు పండితులు ఈ విషయంలో చెప్పిన కారణాలు కొన్నింటిని ఆధునిక ఆలోచన తిరస్కరించడం న్యాయమేనని కూడా ఒప్పుకుంటుంది. అధికారిక పత్రంలో అలాంటి మాట రాయడం చిన్న విషయం కాదు.

అయిదో భాగం దగ్గరే చిక్కంతా. గురువు దివ్యబలిపూజలో క్రీస్తు స్థానంలో నిలబడి 'ఇది నా శరీరం' అంటాడు. దివ్యసంస్కారపు (జ్ఞానస్నానం, వివాహం, పట్టం లాంటి పవిత్ర కర్మ) గుర్తు అది సూచించేదాన్ని సహజమైన పోలికతో చూపించాలన్నది మధ్యయుగపు పండితుడు తోమాసు అక్వినాసు సూత్రం. క్రీస్తు పురుషుడు కాబట్టి, ఆ పాత్రలో స్త్రీ నిలబడితే ఆ పోలిక కనబడదు. దానికి తోడు వరుడు, వధువు అన్న పోలిక: క్రీస్తు వరుడు, శ్రీసభ వధువు. ఈ భాగాన్ని చదివేవాళ్లు చాలామంది దీన్నే అసలు రుజువు అనుకుంటారు. ప్రకటన అలా చెప్పుకోలేదు. నిరూపించే వాదన తీసుకురావడం తమ ఉద్దేశం కాదని, ముందే ఉన్న బోధను విశ్వాస విషయాల మధ్య ఉన్న పొందికతో వివరించడమే ఉద్దేశమని ఆ భాగం మొదట్లోనే రాసి ఉంది. ప్రింటులో ఆ వాక్యం కింద గీత పెట్టండి. అది దాటిపోతే ప్రత్యర్థులు ఈ భాగాన్ని కూలగొట్టి మొత్తం కూల్చామనుకుంటారు, సమర్థకులు దీన్ని ఒక్కటే పట్టుకుని మొత్తం నిరూపించామనుకుంటారు.

అక్వినాసు దగ్గర ఇంకో చిక్కు ఉంది, అది ప్రకటనలో నేరుగా కనబడదు. స్త్రీకి పట్టం కుదరదనడానికి ఆయన పేరున నిలిచిన కారణం, స్త్రీ లోబడి ఉండే స్థితిలో ఉంది కాబట్టి ఉన్నతిని సూచించలేదన్నది. 1976 ప్రకటన ఆ కారణాన్ని వదిలేసి, సహజ పోలిక అన్న సూత్రాన్ని మాత్రం ఉంచుకుంది. కారణం తీసేసి సూత్రం నిలబెట్టవచ్చా? నిలబెట్టవచ్చనే నా అభిప్రాయం. కానీ ఆ పని చేశామని పాఠకుడికి సూటిగా చెప్పి ఉంటే పత్రానికి బలం పెరిగేది.

దీని మీద వచ్చే రెండు ప్రశ్నలకు ముందే సిద్ధంగా ఉండండి. పన్నెండుమందీ యూదులే కదా, మరి యూదుడు కానివాడికి పట్టం ఎలా ఇస్తున్నారు? ఆడ, మగ తేడా జాతి తేడాకన్నా లోతైనదని అయిదో భాగం జవాబిస్తుంది. దాన్ని ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మీమీద ఉంది, కానీ జవాబు లేదనడం తప్పు. రెండోది ఇంకా గట్టిది: అత్యవసరంలో స్త్రీ జ్ఞానస్నానం ఇవ్వవచ్చు, చట్టంలో 861వ సూత్రం అందుకు ఒప్పుకుంటుంది. లాటిన్ సభ బోధ ప్రకారం వివాహంలో వధూవరులే ఒకరికొకరు సంస్కారాన్ని ఇచ్చుకుంటారు. అంటే స్త్రీ ఇప్పటికే దివ్యసంస్కారాలు ఇస్తోంది, అప్పుడు పోలిక ఎందుకు అడ్డు రాలేదు? బలిపూజలో క్రీస్తు స్థానంలో నిలబడటం వేరన్నదే సమర్థకులు దీనికి చెప్పే జవాబు, అయిదో భాగం ఆధారం కూడా అదే. ఎందుకు వేరో ప్రకటన ఇంకా విప్పి చెప్పి ఉండాల్సింది.

బరువు ఎంత అన్న చోట

సెట్టులో మూడో మెట్టు 1995 అక్టోబరు 28న అదే మండలి ఇచ్చిన జవాబు. సందేహం, దానికి జవాబు, అంతే. 1994 లేఖలోని బోధ విశ్వాసనిధికి (అపొస్తలుల నుంచి అందిన విశ్వాసానికి) చెందినదేనా అని ప్రశ్న, అవును అని జవాబు. ఆ తర్వాతి పేరాలో అసలు మాట ఉంది: ఈ బోధకు లిఖిత దేవుని వాక్యం ఆధారం, మొదటినుంచీ సంప్రదాయం దీన్ని కాపాడింది, సాధారణ సార్వత్రిక బోధనాధికారం దీన్ని పొరపాటుకు తావులేని విధంగా బోధించింది. సంతకాలు కార్డినల్ యోసేఫ్ రాట్సింగర్‌వి, తార్చిసియో బెర్తోనేవి. అడ్డంగా చదివితే రెండు నిమిషాలు, అర్థం కావాలంటే సాయంత్రమంతా.

జనం ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. 'పోపు పొరపాటు లేని అధికారంతో 1994లో ప్రకటించాడు' అంటారు. అది సరికాదు. పోపు ఒక్కడే పీఠం మీదనుంచి నిర్వచించే తరహా వేరు. 1950 నవంబరు 1న మరియమాత మోక్షారోపణను పన్నెండో పయస్ అలా నిర్వచించాడు. 1994 లేఖ ఆ తరహాలో లేదు. 1995 జవాబు చెప్పేది ఇంకోటి: ప్రపంచమంతటా చెదిరి ఉన్న బిషప్పులందరూ కాలమంతటా ఒకే మాట మీద ఉన్నారు కాబట్టి, రెండో వాటికన్ సభ 'లూమెన్ జెన్సియుం' 25వ ఖండికలో చెప్పినట్టు, ఆ బోధ అప్పటికే పొరపాటు లేనిది. 1994 లేఖ దానికి సాక్ష్యం చెప్పింది, అంతే. ఆ లేఖగా అది స్వయంగా పొరపాటు లేని చర్య కాదని రాట్సింగర్ జవాబుతో పాటు ఇచ్చిన లేఖలోనే ఉంది.

ఒప్పుకోని వేదాంతులు పట్టుకునేది ఇక్కడే. శ్రీసభ చట్టంలో 749వ సూత్రం 3వ ఖండిక ప్రకారం, ఏ బోధ అయినా పొరపాటు లేని నిర్వచనం అని స్పష్టంగా రుజువైతే తప్ప అలా లెక్కించకూడదు. బిషప్పులందరూ తుది నిర్ణయంగానే బోధించారని ఎక్కడ, ఎప్పుడు తేలిందని వాళ్ల ప్రశ్న. 1997లో అమెరికా కతోలిక వేదాంతుల సంఘం ఈ అనుమానాన్నే పెద్ద మెజారిటీతో బలపరిచింది. బరువైన ప్రశ్న ఇది. సెట్టులో దీనికి నేరుగా జవాబు దొరకదు.

ఆ లోటును కొంత పూరించేది 1998 జూన్ 29 నాటి అదే మండలి సిద్ధాంత వ్యాఖ్య. దాన్ని తప్పకుండా కలపండి, ముఖ్యంగా 11వ ఖండిక. శ్రీసభ బోధలకు మూడు మెట్లున్నాయి: దేవుడు బయలుపరచినవిగా విశ్వసించాల్సినవి, తుది నిర్ణయంగా పట్టుకోవాల్సినవి, మనసుతో బుద్ధితో విధేయత చూపాల్సినవి. స్త్రీలకు గురుపట్టం లేదన్నది రెండో మెట్టు ఉదాహరణగా పెట్టారు, ముందు ముందు మొదటి మెట్టుకు పోవచ్చని కూడా అన్నారు. దీన్ని తిరస్కరించినవాళ్లను 'పాషండి' (దేవుడు బయలుపరచిన సత్యాన్నే కాదన్నవాడు) అనేవాళ్లు పొరబడుతున్నారు, ఆ మాట మొదటి మెట్టుది. 'ఇది కేవలం అభిప్రాయం' అనేవాళ్లూ పొరబడుతున్నారు. 1998 మే 18 నాటి పోపు లేఖ 'అద్ తుయెందం ఫిదెం' ద్వారా చట్టం 750వ సూత్రంలో రెండో మెట్టుకు ప్రత్యేక ఖండిక చేరింది. చిన్న అసంగతం ఒకటి కనబడుతుంది: 1995 జవాబు 'విశ్వాసనిధి' అంటుంది, 1998 వ్యాఖ్య రెండో మెట్టు అంటుంది. ఈ రెండూ ఎలా కలుస్తాయో సెట్టులో ఎక్కడా వివరించలేదు. సూక్ష్మంగా చదివే విద్యార్థి మొదట అడిగే ప్రశ్న ఇదే.

దీనికి 2023లో పోప్ ఫ్రాన్సిస్ అయిదుగురు కార్డినళ్లకు ఇచ్చిన జవాబును కూడా జతచేయాలి. తుది ప్రకటన అంటే కచ్చితంగా ఏమిటో చెప్పే సిద్ధాంతం ఇంకా పూర్తిగా రూపుదిద్దుకోలేదని ఆయన అందులో అన్నాడు. ఇది సిద్ధాంత నిర్వచనం కాదు, అయినా అందరూ పాటించాలి, ఎవరూ బహిరంగంగా ఖండించకూడదు, అధ్యయనం మాత్రం చేయవచ్చు అని తేల్చాడు. ఆంగ్లికన్ పట్టాల చెల్లుబాటును అధ్యయనం చేసినట్టే అని ఉదాహరణ కూడా ఇచ్చాడు. అంత స్పష్టత 1994లోనే ఇచ్చి ఉంటే ముప్పై ఏళ్ల మనస్తాపం కొంతైనా తగ్గేది.

శిక్ష కాగితాలు

వీటిని ఎక్కువసేపు చదవనక్కర్లేదు, కానీ తేదీలు కలగాపులగం కాకూడదు. 2002 జూన్ 29న డాన్యూబ్ నది మీద పడవలో ఏడుగురు స్త్రీలకు పట్టం ఇవ్వడం జరిగింది. ఇచ్చినవాడు శ్రీసభతో తెగిపోయిన అర్జెంటీనా బిషప్ రోములో బ్రాస్కీ. జులై 10న హెచ్చరిక, ఆగస్టు 5న బహిష్కరణ. అప్పటికి ప్రత్యేక శిక్షాసూత్రం లేదు. 2007 డిసెంబరు 19 నాటి శాసనం దాన్ని తెచ్చింది, 2010లో అతి తీవ్ర నేరాల జాబితాలో చేరింది, 2021 డిసెంబరు 8 నుంచి 1379వ సూత్రం 3వ ఖండికగా చట్టంలోనే ఉంది. పట్టం ఇచ్చే ప్రయత్నం చేసినవారికీ పుచ్చుకునే స్త్రీకీ తనంతట తానే పడే బహిష్కరణ ఇది, దాన్ని ఎత్తివేసే అధికారం అపొస్తలిక పీఠానిదే (రోముదే). తీవ్ర నేరాల జాబితాలో పిల్లల మీద లైంగిక దాడి ఉన్న పత్రంలోనే ఇదీ చేరడం 2010లో చాలామందిని గాయపరిచింది. రెండూ ఒకే కోవ నేరాలు కావని అప్పుడు అధికారులు వివరించాల్సి వచ్చింది. పత్రం కూర్పులోనే వచ్చిన దోషం అది, వివరణతో పూడేది కాదు.

డీకన్ పట్టం సంగతి కలపకండి

1994 లేఖ గురుపట్టం గురించి మాత్రమే. డీకన్ల (పట్టాల్లో గురువుకు కింది మెట్టులో ఉండే సేవకుల) ఊసు అందులో లేదు. 1024వ సూత్రం, 1379వ సూత్రం మాత్రం డీకన్ పట్టానికీ వర్తిస్తాయి. ఈ తేడా చెప్పకపోతే ఒకరు 'స్త్రీ డీకన్లు వస్తే గురుపట్టం దగ్గరపడినట్టే' అంటారు, ఇంకొకరు 'అది కూడా 1994లోనే మూసేశారు' అంటారు. రెండూ తప్పే.

చరిత్ర ఇక్కడ గట్టిగా మాట్లాడుతుంది. రోమీయులకు రాసిన లేఖ 16వ అధ్యాయం మొదటి వచనంలో పౌలు 'డీకన్' అన్న ఫీబే ఉంది. 451 నాటి కాల్సెడోను మహాసభ 15వ శాసనం డీకన్ స్త్రీకి నలభై ఏళ్లు నిండాలని పెట్టింది. లేనివాళ్లకు వయసు నియమం పెట్టరు. అయితే ఆ స్త్రీ డీకన్లు, మగ డీకన్లు ఒకటేనా? 2002లో అంతర్జాతీయ వేదాంత సంఘం పత్రం సూటిగా ఒకటి కాదని తేల్చి, తుది మాటను బోధనాధికారానికి వదిలింది. ఫ్రాన్సిస్ 2016లో ఒక కమిషన్‌ను, 2020లో ఇంకోదాన్ని వేశాడు. 2024 అక్టోబరు 26న ఆమోదం పొందిన సినడ్ (శ్రీసభ సంప్రదింపుల సభ) తుది పత్రంలో 60వ ఖండిక ఈ ప్రశ్న తెరిచే ఉందంది. దానికి 258 అనుకూలం, 97 వ్యతిరేకం. మొత్తం పత్రంలో ఎక్కువ వ్యతిరేక ఓట్లు పడింది దానికే.

తాజా కాగితం 2025 డిసెంబరు 4న బయటపెట్టిన సారాంశం, కార్డినల్ జూసెప్పే పెత్రోక్కి నడిపిన కమిషన్‌ది. స్త్రీలకు డీకన్ పట్టాన్ని దివ్యసంస్కారంగా ఇచ్చే దిశగా ఇప్పటికి వెళ్లలేమని, అయితే గురుపట్టం విషయంలో లాగా ఇది తుది తీర్పు కాదని అందులో ఉంది. ఆ తీర్మానానికి ఏడు ఓట్లు అనుకూలం, ఒకటి వ్యతిరేకం. ఇంతవరకే చదివి ఆపేవాళ్లు అసలైన సంఖ్యను వదిలేస్తారు. క్రీస్తు పురుషుడు కావడం, దాని మూలంగా పట్టం పొందేవారు పురుషులు కావడం యాదృచ్ఛికం కాదు, దివ్యసంస్కారంలోనే భాగం అన్న వాక్యాన్ని ఓటుకు పెడితే అయిదు అనుకూలం, అయిదు వ్యతిరేకం. ఆ వాక్యం 1976 ప్రకటన అయిదో భాగపు వాదనే, వధూవరుల పోలికతో సహా. దాన్ని శ్రీసభే ఎంచుకున్న వేదాంతుల్లో సగంమంది ఆమోదించలేదు.

వాళ్లు గురుపట్టంపై తీర్పును కాదనలేదు. ఆ తీర్పుకు ఆధారంగా 1994 లేఖ ఎంచుకున్నది పన్నెండుమంది ఎంపికను, సంప్రదాయాన్ని, బోధనాధికారాన్నే, పోలిక వాదనను కాదు. కాబట్టి తీర్పు నిలుస్తుంది. కానీ ఎందుకు అని అడిగే అమ్మాయికి 'ప్రభువు అలా ఎన్నుకున్నాడు, మేము మార్చలేము' అన్న ఒక్క జవాబే గట్టిగా మిగులుతుంది. అది విశ్వాసంతో పట్టుకోగల జవాబే. దానితో పాటు ప్రభువు ఎందుకు అలా ఎన్నుకున్నాడో చెప్పామనుకున్న వివరణ మాత్రం ఇప్పుడు బలహీనపడింది. అందుకే ఈ సెట్టుకు రెండో విషయంలో మూడు మార్కులే.

లేనిది

1976లో వాటికన్ బైబిలు కమిషన్ ఇదే ప్రశ్న మీద పని చేసింది. కొత్త నిబంధన ఒక్కటే ఈ సమస్యను స్పష్టంగా తేల్చలేదని పదిహేడుమంది ఏకగ్రీవంగా అన్నారు. స్త్రీలకు పట్టం కుదరదనడానికి లేఖన ఆధారాలు మాత్రమే చాలవని పన్నెండుమంది అన్నారు, అయిదుగురు కాదన్నారు. ఈ నివేదికను వాటికన్ ప్రచురించలేదు, పత్రికలకు పొక్కడంతో బయటికి వచ్చింది. అధికారిక సెట్టులో అది కనబడదు. లేఖనం ఒక్కటే చాలదన్నది కతోలికులకు కొత్త మాట కాదు. లేఖనంతో పాటు సంప్రదాయమూ కావాలని శ్రీసభ ఎప్పుడూ అంటూనే ఉంది. అలాంటప్పుడు దాన్ని బయటపెట్టడానికి జంకాల్సిన పని లేదు.

బృందంగా చదివేవాళ్లకు మూడు కూర్చోళ్లు చాలు. మొదటిరోజు 1024వ సూత్రం, 1994 లేఖ. రెండోరోజు 1976 ప్రకటన, సగం సమయం అయిదో భాగానికే. మూడోరోజు 1995 జవాబు, 1998 వ్యాఖ్యలో 11వ ఖండిక, 2023 జవాబు, 2025 సారాంశం. శిక్షల సూత్రాలు ఇంటి దగ్గర చదువుకోవచ్చు. బైబిలు కమిషన్ నివేదిక దొరికితే రెండోరోజే పంచండి, ప్రకటనలోని నాలుగో భాగం పూర్తయ్యాక, అయిదో భాగం మొదలుపెట్టకముందు. అప్పుడు చరిత్ర వాదన ఎంతవరకు నిలబడుతుందో, పోలిక వాదన ఎక్కడ మొదలవుతుందో విడివిడిగా కనబడుతుంది. బృందంలో సిస్టర్లు ఉంటే వాళ్లను చివర కాకుండా ముందు మాట్లాడనివ్వండి.